ఆకలి కోసం గోదావరి దాకా

"వెళ్తున్నానమ్మా," అన్నాను నేను.

"వెళ్ళండి కోటమ్మ గారూ. మళ్ళీ రమ్మని మాత్రం అననండి," అంది ఆవిడ.

మా ఇద్దరి మధ్యా ఆఖరి మాటలు అవే. వినేవాళ్ళకు తగవు పడి విడిపోయినట్టు ఉంటుంది. కాదు. అది వైద్యుడి ఇల్లు. ఆ గుమ్మం దిగేటప్పుడు రోగి 'వెళ్ళొస్తాను' అనకూడదు, ఇంటివాళ్ళు 'మళ్ళీ రండి' అనకూడదు. మా పల్నాడులో ఆసుపత్రి నుంచి వచ్చేటప్పుడూ ఇదే పద్ధతి. కానీ పదకొండు రోజులు ఒక మనిషి చేత కాపడం పెట్టించుకుని, ఆ ఒక్క మాట అనకుండా ఆటో ఎక్కడం ఎంత కష్టమో ఎక్కినవాళ్ళకే తెలుస్తుంది. వైద్యుడి భార్య కామేశ్వరమ్మ గారు లోపలికి పోయి తలుపు కూడా వేసేసుకున్నారు. నాకు కోపం రాలేదు. ఆవిడ ఎందుకు వేసుకున్నారో నాకు తెలుసు.

నాకు సంతకం వరకే వచ్చు. నేను చెబుతుంటే మా కోడలు సుజాత రాస్తోంది. మా వినుకొండ వైపు గోదావరి చూడనివాళ్ళు చాలామంది. పొద్దున లేస్తే వేళ్ళు ముడుచుకోనివాళ్ళు అంతకంటే ఎక్కువమంది. వాళ్ళు వినాలని చెబుతున్నాను.

ఎందుకు పోయాను

నా పని మిరపకాయలకు తొడిమలు తీయడం. ఏడాదిలో నాలుగు నెలలు అదే పని, అదే బువ్వ. రెండేళ్ళ కిందట వేళ్ళ కణుపులు ఉబ్బాయి. తర్వాత మోకాళ్ళు. పొద్దెక్కేదాకా పిడికిలి మూసుకోదు. టీ గ్లాసు రెండు అరచేతుల మధ్య పెట్టుకుని తాగాల్సిందే. టౌనులో డాక్టరు రక్తం తీయించి, ఒళ్ళంతా లోలోపల వాపు ఉందనీ, అది ఏళ్ళ తరబడి ఉండేదనీ చెప్పి బిళ్ళలు రాశాడు. అవి వేసుకున్నాను. అవి చాలవని మందుల షాపులో నొప్పి బిళ్ళలు కూడా కొనుక్కుని, డాక్టరుకు చెప్పకుండా రోజుకు రెండు మింగాను. కడుపులో నిప్పులు పోసినట్టు ఉండేది. అన్నం టైమైతే అన్నం తినేదాన్ని, అంతే.

మా వీధిలో ఉండే బడి టీచరమ్మది ఆత్రేయపురం పక్క ఊరు. వాళ్ళ ఊళ్ళో ఒక పెద్దాయన ఆయుర్వేదం చేస్తాడనీ, దూరం నుంచి వచ్చినవాళ్ళకు ఇంట్లోనే గది ఇస్తాడనీ చెప్పింది. ఫోను చేసి ఇచ్చింది. ఆయన చెప్పింది రెండే మాటలు. పదకొండు రోజులు ఉండేలా రమ్మన్నారు. ఆకలి పుడితేనే మందు ఇస్తాననీ, పుట్టకపోతే ఇవ్వననీ అన్నారు.

నేను నవ్వాను. అన్నం దొరకని రోజులు చూసినదాన్ని, నాకు ఆకలి పుట్టదా? మాఘమాసం వస్తే కాయ కోతకొస్తుంది. వేళ్ళు వంగకపోతే ఏ కూలీల ముఠాలోనూ నన్ను చేర్చుకోరు. మార్గశిరంలోనే రైలెక్కాను.

గోదావరి మీద

కొవ్వూరు దాటగానే పెట్టెలో అందరూ కిటికీల వైపు జరిగారు. వంతెన మొదలైంది. నీళ్ళు. ఇంకా నీళ్ళు. మా దగ్గర సాగర్ కాలవ వంతు కోసం పలుగులు పట్టుకుని కొట్టుకుంటారు, ఇక్కడ ఇంత నీరు ఎవరినీ అడక్కుండా తన దారిన తాను పోతోంది. నేను నోరు తెరుచుకుని చూశాను.

అందరూ రూపాయి బిళ్ళలు విసురుతున్నారు. నేనూ తీశాను. వేళ్ళు పట్టలేదు, బిళ్ళ జారి సీటు కింద పడింది. ఎదురుగా కూర్చున్న ఒకాయన వంగి తీశాడు. తీసి నా చేతికివ్వలేదు. "మీ పేరు చెప్పండమ్మా, మీ పేరున వేస్తాను," అన్నాడు. చెప్పాను. నా పేరు గట్టిగా పలికి గోదాట్లో వేశాడు. ఎవరో ఏమో. రాజమండ్రిలో దిగి జనంలో కలిసిపోయాడు.

రాజమండ్రిలో నేను చేసిన మొదటి పని తప్పు పని. స్టేషను బయట రోజ్ మిల్క్ అమ్ముతుంటే ఆ రంగు చూసి ఆగలేకపోయాను. గ్లాసు నలభై రూపాయలు. చల్లగా, తియ్యగా, మీగడతో ఉంది. గొంతులో ఉన్నంతసేపు స్వర్గం. ధవళేశ్వరం ఆనకట్ట దాటేసరికి కడుపులో రాయి పడినట్టయింది.

ఆ జనం మర్యాద చెప్పాలి. ఆటో అబ్బాయి నన్ను "ఎక్కేరా అండి, సర్దుకున్నారా అండి, మూట జాగర్తండి" అన్నాడు. మా వైపు నన్ను 'ఏమే కోటమ్మా' అననివాళ్ళు తక్కువ. దారిలో రోడ్డుకు అడ్డంగా గేదె నిలబడితే ఆ అబ్బాయి హారన్ కొట్టి ఊరుకున్నాడు. దానికి కూడా 'జరగండి' అంటాడేమోనని చూశాను.

కాలవగట్టు ఇల్లు

పెంకుటిల్లు, ముందు కాలవ. దొడ్లో వావిలి, తిప్పతీగ, కరక్కాయ ఎండబోసిన చాపలు. వైద్యుడు గారికి డెబ్భై దాటి ఉంటాయి. చేతుల బనీను, ముక్కు మీద కళ్ళద్దాలు. నేను తెచ్చిన టౌను డాక్టరు కాగితాలు ఒక్కటి వదలకుండా చదివారు. పక్కన పారేస్తారనుకున్నాను. మడతపెట్టి నా చేతికే ఇచ్చి, డాక్టరు రాసిన బిళ్ళలు మానవద్దన్నారు. షాపులో కొన్నవి మాత్రం ఆ రోజుతో ఆఖరు, టౌనుకు పోగానే ఆ సంగతి డాక్టరుకు కూడా చెప్పాలి అన్నారు.

నాలుక చాపమన్నారు. చాపాను. తెల్లగా సున్నం కొట్టినట్టు ఉందట. చెయ్యి పట్టుకుని నాడి చూశారు. విరేచనం ఎలా అవుతుందో, ఏ రంగో, నీళ్ళలో మునుగుతుందో తేలుతుందో అన్నీ అడిగారు. నేను సిగ్గుపడితే, సిగ్గు కడుపులో పెట్టుకుంటే అదీ అరగదన్నారు.

నాకు అర్థమైనంత వరకు ఆయన వైద్యం ఇది. కడుపులో ఒక పొయ్యి ఉంటుంది. జఠరాగ్ని అంటారు. పొయ్యి సరిగ్గా మండితే తిన్నది రక్తమవుతుంది. పచ్చి కట్టెలు పెట్టి, ఒక వంట దిగకముందే ఇంకో కుండ ఎక్కిస్తే అన్నం పలుకుగా ఉండిపోతుంది. ఒంట్లో ఆ ఉడకని పలుకు పేరు ఆమం. అది జిగురులా ఒళ్ళంతా తిరిగి, వాతంతో జత కలిసి, కీళ్ళ సందుల్లో కూర్చుంటుంది. కూర్చున్నచోట వాపు. అది ఆమవాతం. వేళ్ళకు మందు రాస్తే పొయ్యి మండదు కదా, ముందు పొయ్యి సంగతి చూడాలి అన్నారు. టౌను డాక్టరు చెప్పిన లోపలి వాపు, తాను చెప్పేది ఒకే ఇంటికి రెండు దార్లు అన్నారు. ఆ మాట నాకు నచ్చింది. ఇంకొకరిని తిట్టకుండా వైద్యం చెప్పినవాణ్ణి నేను అంతకుముందు చూడలేదు.

తర్వాత అడిగారు. "ఆఖరిసారి మీకు ఆకలేసింది ఎప్పుడమ్మా?"

చెప్పబోయి ఆగిపోయాను. ఆఖరిసారి ఏం తిన్నానో తెలుసు. ఆకలి ఎప్పుడేసిందో తెలియలేదు. మా ఆయన ఉన్నప్పుడు ఆయన తిన్నాక తినేదాన్ని. ఆయన పోయి ఐదేళ్ళు, అప్పటినుంచి పిల్లలు తిన్నాక తింటున్నాను. మధ్యలో ఆకలేసిందా లేదా అని ఎవరు చూశారు? నేనూ చూడలేదు.

"గుర్తు లేదండి," అన్నాను.

"అదే మీ రోగం," అన్నారు.

ఇసుక మూట

ఆ రోజు నుంచి లంఖణం. శొంఠి వేసి కాచిన వేడినీళ్ళు తప్ప ఏమీ లేదు. పగలు పడుకోకూడదు. పెరుగు ముఖం చూడకూడదు. రోజూ పొద్దునా సాయంత్రం ఇసుక మూటతో కాపడం. గోదావరి ఇసుకను మూకుట్లో వేయించి, గుడ్డలో మూటకట్టి కణుపుల మీద అద్దుతారు. నేను ఇంటి దగ్గర రెండేళ్ళు నూనె కాచి మర్దనా చేసుకున్నానని చెబితే ఆయన తల పట్టుకున్నారు. ఆమం ఉన్నచోట నూనె పోస్తే బంక మీద బంక పోసినట్టేనట. మా ఊళ్ళో అందరం చేసేది అదే. ఇది సుజాత కింద గీత గీసి రాయాలి.

కాపడం పెట్టేది కామేశ్వరమ్మ గారు, ఆయన భార్య. మెత్తటి మనిషి, గట్టి చెయ్యి. వాళ్ళ ఊరి సంగతులన్నీ ఆవిడ నోటనే విన్నాను. పులుసులో బెల్లం వేస్తారట. మా వైపు పులుసులో బెల్లం వేస్తే పిచ్చిదనుకుంటాం అన్నాను. "మీ మిరపకాయల సంగతి మాకు తెలీదేంటండి, మీరు పుల్లట్టు మీద కారం చల్లుకోరు, కారం మీద అట్టు పరుచుకుంటారు," అంది. రెండేళ్ళలో అంతగా నవ్వలేదు.

రెండో రోజు గడిచింది. మూడో రోజు. ఆకలి లేదు. వైద్యుడు గారు రోజూ నాలుక చూస్తారు, తల ఊపుతారు, ఇంకా చూద్దాం అంటారు. వచ్చిపోయే రోగులు ఆ వరండాలో ఎంతమందో. వాళ్ళకు పొట్లాలు కట్టి ఇస్తుంటే నేను చూస్తూ కూర్చున్నాను.

నేను చేసిన తప్పు

మూడో రోజు సాయంత్రం మంచినీళ్ళకని వంటింట్లోకి పోయాను. పొద్దున వండిన అన్నం గిన్నెలో సగం అలాగే ఉంది. ఆయన ఒక్కరి వంతే తగ్గింది. అప్పుడు తట్టింది నాకు. మూడు రోజులుగా ఆవిడ ఎప్పుడు తిన్నదీ నేను చూడలేదు. అడిగితే మాట దాటేసింది. గట్టిగా అడిగితే చెప్పింది, ఇంటికొచ్చిన మనిషి పస్తుంటే ఇల్లాలు ముద్ద ముట్టకూడదని వాళ్ళ అత్తగారు నేర్పిందట. మామూలుగా ఉండిపోయిన రోగులకు మర్నాటికే ఆకలి పుడుతుంది, ఒక పూట కాఫీ తాగి సరిపెట్టుకుంటుంది. నాకు పుట్టలేదు. ఆవిడ మూడు రోజులుగా కాఫీ మీద ఉంది.

నా ప్రాణం చచ్చిపోయింది. ఏం చేయాలి? అక్కడికక్కడే అన్నాను, "నాకు ఆకలేస్తోందమ్మా" అని.

ఆవిడ ముఖం వెలిగింది. పాతబియ్యం జావ కాచి పెట్టింది. ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని తాగాం. నాకు ఒక్కో గుక్కా మట్టిలా దిగింది. ఆవిడ తింటుంటే మాత్రం హాయిగా అనిపించింది.

తెల్లారి మంచం దిగలేకపోయాను. మోకాలు కుండలా అయింది. వేళ్ళు అసలు కదల్లేదు. వైద్యుడు గారు నాలుక చూసి, కళ్ళద్దాలు తీసి నా వైపు చూశారు.

"నోరు అబద్ధం చెబుతుంది కానీ నాలుక చెప్పదమ్మా. ఆకలేసిందా, వేసిందన్నారా?"

నేను నిజం చెప్పాను. ఆయన భార్య వైపు తిరిగారు. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నువ్వు తినలేదని ఈవిడ తిన్నారు. ఈవిడ తినలేదని నువ్వు మానేశావు. ఇద్దరూ కలిసి నా వైద్యం గోదాట్లో కలిపారు. మొహమాటానికి ఏ శాస్త్రంలోనూ మందు లేదు."

అందులో ఆయన తప్పు లేదా అంటే, ఉంది. ముప్ఫై ఏళ్ళుగా వేళకు ఒక్కరే కూర్చుని తిని లేస్తున్నారు, వెనక ఎవరు తిన్నారో చూడలేదు. నేను అనలేదు. ఆయనే అన్నారు కాసేపటికి, "నేనూ చూసుకోవాల్సింది" అని, నేల వైపు చూస్తూ. పెద్దమనిషి.

ఆ రోజు నుంచి కొత్త పద్ధతి. ఆవిడ నా ఎదుట కూర్చుని ముందు తినాలి. నేను చూడాలి. పాపం, మొదటి పూట గోడ వైపు తిరిగి కూర్చుని, దొంగతనం చేసినట్టు గబగబా నాలుగు ముద్దలు మింగి లేచింది. ఆరోరోజుకు నా వైపు తిరిగి కూర్చుంది. కూరలో ఉప్పు తగ్గిందని కూడా చెప్పింది.

లెక్క మొదటికొచ్చింది. మళ్ళీ శొంఠినీళ్ళు. వచ్చి ఐదు రోజులు పోయాయి, ఆరు ఉన్నాయి. ఆకలి పుట్టకపోతే వట్టిచేతులతో వెనక్కి పోవాలి.

ఆత్రేయపురం

మోకాలి వాపు కాస్త దిగింది. ఊరికే కూర్చుంటే దిగులు పెరుగుతుందని ఆరోరోజు పొద్దున ఆత్రేయపురం తీసుకుపోయింది కామేశ్వరమ్మ గారు. పూతరేకులు చేసే ఇల్లు చూశాను. బోర్లించిన కుండ కింద ఎండు కొబ్బరాకు మంట. ఒకావిడ పల్చటి బియ్యప్పిండి నీళ్ళలో గుడ్డ ముంచి, కుండ మీద ఒక్క లాగు లాగింది. ఆ లాగుడుకు కుండ మీద కాగితం పుట్టింది. ఎత్తి పక్కన వేసింది. వెలుతురు దాంట్లోంచి కనిపిస్తోంది. మంట ఎక్కువైతే రేకు మాడుతుందట, తక్కువైతే కుండను వదలదట. పొద్దుటి నుంచి ఆ పొయ్యి ముందు కూర్చున్న మనిషి, ముఖం చెమటతో మెరుస్తోంది, చెయ్యి మాత్రం ఒక్కసారి కూడా తడబడలేదు. నా చేతుల వైపు చూసుకున్నాను.

నెయ్యి, బెల్లం పెట్టి చుట్టి ఒకటి ఇవ్వబోయింది. వద్దన్నాను. మా ఇంటికొచ్చి వద్దంటారేంటండి అని నొచ్చుకుంది. నాలుగు రోజుల కిందట అయితే తినేదాన్ని. "ఆకలి పుట్టినప్పుడు తింటానమ్మా, ఇప్పుడు లేదు," అన్నాను. నా నోటి నుంచి ఆ మాట అంత తేలిగ్గా రావడం నాకే వింత.

కడియం

ఎనిమిదో రోజు. దొడ్లో వావిలి చచ్చిపోయిందని కొత్త మొక్కల కోసం కడియం వెళ్ళాం. ఊరు ఊరంతా మొక్కలే. ఎకరాలకు ఎకరాలు. బంతులు, చామంతులు, పేరు తెలియని ఆకులు. మా వైపు ఒక వేపమొక్క బతికించడానికి బిందెలతో నీళ్ళు మోస్తాం, ఇక్కడ లారీలకెత్తి ఢిల్లీ పంపుతున్నారు. కామేశ్వరమ్మ గారు ధర బేరమాడడానికి లోపలికి పోయారు. వావిలి మొక్క ముప్ఫై అంటే ఇరవై అంటున్నారు. నేను బయట షెడ్డు నీడన కూర్చున్నాను.

అక్కడ ఆడవాళ్ళు నల్ల కవర్లలో మట్టి నింపుతున్నారు. వేళ్ళతో కూలి చేసేదాన్ని కదా, నేను ఎవరిలోనైనా ముందు వేళ్ళే చూస్తాను. పదింటప్పుడు పని ఆపి క్యారేజీలు తీశారు. నా పక్కన కూర్చున్న మనిషి మూత తీసింది. వేడన్నం, పెసరపప్పు. జీలకర్ర తిరగమోత వాసన వచ్చింది.

కడుపులో ఏదో మెలిపెట్టింది. నొప్పి మళ్ళీ మొదలైందని భయపడ్డాను. చెయ్యి కడుపు మీద పెట్టుకున్నాను. మంట కాదు. పోటు కాదు. తాడు తెంపుకోబోయే దూడలా లోపల ఏదో లాగుతోంది. నోట్లో నీళ్ళు ఊరుతున్నాయి. మింగితే మళ్ళీ ఊరుతున్నాయి. అప్పుడు పోల్చుకున్నాను దాన్ని. ఎన్నేళ్ళ తర్వాతో.

కామేశ్వరమ్మ గారు వచ్చేదాకా ఆగొచ్చు. ఇంటికి పోయి జావ అడగొచ్చు. కానీ ఇల్లు చేరేదాకా అది ఉంటుందో పోతుందో ఎవరికి తెలుసు? నేను పుట్టి బుద్ధెరిగాక ఎవరినీ నోరు తెరిచి అన్నం అడగలేదు. పుట్టింట్లో అడగలేదు, అత్తింట్లో అడగలేదు. పస్తులున్న రోజుల్లోనూ తిన్నాననే చెప్పాను.

"అమ్మాయ్, నాకొక ముద్ద పెడతావా? ఆకలేస్తోంది."

ఆ మనిషి నా ముఖంలోకి చూసింది. "అయ్యో, అలా అడుగుతారేటండీ. ఇలా రండి," అంది. చెయ్యి తుడుచుకుని, మూతలో సగం అన్నం పెట్టి, పప్పు పోసింది.

"సగం వద్దు, రెండు ముద్దలే. వైద్యుడి ఆజ్ఞ."

"ముద్దలు లెక్కెట్టుకు తినే మనిషిని ఇప్పుడే చూస్తన్నానండి బాబూ. పోనీ పెద్ద ముద్దలు పెట్టుకోండి."

పక్కవాళ్ళు నవ్వారు. ఆమె పేరు మంగ. నేను వంగని వేళ్ళతో కలుపుకుని తిన్నాను. పప్పులో ఉప్పు తెలిసింది. అన్నంలో తీపి తెలిసింది. ఉత్త అన్నానికి తీపి ఉంటుందని మర్చిపోయాను. రెండో ముద్ద నోట్లో ఉండగానే కామేశ్వరమ్మ గారు వచ్చి నిలబడ్డారు, చేతుల్లో రెండు వావిలి మొక్కలు.

"ఎవరూ బలవంతం చెయ్యలేదు కదా?" అని అడిగారు.

"లేదు. నేనే అడిగాను."

ఆవిడ మొక్కలు కింద పెట్టి, ఆ మట్టిలోనే నా పక్కన కూర్చుండిపోయారు.

మందు

సాయంత్రం నాలుక చూసి వైద్యుడు గారు లోపలికి పోయి సీసా తెచ్చారు. పడుకోబోయే ముందు శొంఠి కషాయంలో ఆముదం. తర్వాత ఏం జరిగిందో చెబితే సుజాత రాయనంటోంది. రాయి. తెల్లవారుజాము నుంచి దొడ్డికీ గదికీ ఏడుసార్లు తిరిగాను. ఏడోసారి మోకాలు నొప్పి లేకుండా తిరిగాను. తర్వాత రెండు పూటలు పెసరకట్టు, ఆ పైన మెత్తటి అన్నం, అదీ అడిగినప్పుడే. గదికి డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు, మందులకు మాత్రం తీసుకున్నారు. నయమవుతుందా అని అడిగితే, పూర్తిగా అని చెప్పను, పొయ్యి మండినన్నాళ్ళు మీ చేతుల్లో ఉంటుంది అన్నారు.

ఇప్పుడు

వచ్చి నాలుగు నెలలైంది. అబద్ధం చెప్పను. పిడికిలి ఇంకా పూర్తిగా మూసుకోదు. కుడిచేతి చిటికెన వేలు అలాగే నిలబడుతుంది. కానీ ఈ ఏడు ముఠాలో చేర్చుకున్నారు. ముందు రెండు బస్తాలు తీసేదాన్ని, ఇప్పుడు ఒకటిన్నర. టౌను డాక్టరుకు నొప్పి బిళ్ళల సంగతి చెప్పాను, తిట్టాడు. మళ్ళీ రక్తం చూసి వాపు తగ్గిందని, ఒక బిళ్ళ తనే తగ్గించాడు. తప్పినవీ ఉన్నాయి. పెళ్ళి భోజనంలో మొహమాటపడి పెరుగన్నం తిన్న మర్నాడు మోకాలు పట్టేసింది. ఎవరినీ అనలేను.

మా ఇంట్లో మాత్రం ఒక పద్ధతి మారింది. అందరూ తిన్నాక తినడం మానేశాను. ఆకలేస్తే అడుగుతాను. మొదట్లో మా అబ్బాయి వింతగా చూశాడు. అలవాటైంది.

ఇవాళ ఇంత చెప్పేసరికి లోపల లాగడం మొదలైంది. మావాడు చేలోంచి ఇంకా రాలేదు, రానీ. సుజాతా, కలం కింద పెట్టి నా కంచంలో ఇంత అన్నం పెట్టమ్మా, నీకూ పెట్టుకో. నేను తింటుంటాను. నువ్వు మొదట్నుంచి చదివి వినిపించు. ఎక్కడన్నా మొహమాటానికి చెప్పినట్టుంటే అక్కడ ఆపు, కొట్టేయిస్తాను.